మా యింటి మాట: ఉంగరము పోయిననాడు



గత మాసమున నరసరావుపేట ప్రాంతమునుండి యొక సోదరి నాకు లేఖ వ్రాసిరి. వారి కుమారుడు చదువు ముగించి యీ జూను మాసమున ఉద్యోగమునకై బెంగుళూరు పోవుచున్నాడట. వానితో నేమేమి కట్టి పంపవలయునో, ఆవకాయ యెంత, కందిపొడి యెంత, కుక్కరు ఎన్ని లీటర్లది కొనవలయునో పట్టిక వ్రాయుమని కోరిరి. లేఖ నాలుగు పుటలు. అందు మూడున్నర పుటలు మూటలను గూర్చియే. చివర నొక్క వాక్యము మాత్రము వేఱుగా నున్నది: "వాడింతవరకు తిన్న కంచము తీసి యెఱుగడు, నాకు రాత్రులు నిద్ర పట్టుట లేదు."

పట్టిక సంగతి చివర చెప్పెదను. ఈ నెల నా పుట యంతయు ఆ చివరి వాక్యమునకే.

మూటలు కట్టుటలో నేనును ఆఱితేరినదాననే. నేను కాపురమునకు వచ్చునాటికి మా చిన్న మఱది యేడేండ్లవాడు. తల్లి చాటు బిడ్డ. పిదప వదిన చాటు బిడ్డ యయ్యెను. తలకు నూనె పెట్టుట, నీళ్లు తోడుట, చొక్కాకు గుండీ కుట్టుట, జేబులో చేతిరుమాలు పెట్టుట, అన్నియు నావే. చదువులో చుఱుకైనవాడు గనుక మా యింట నెవ్వరును వానిని మంచినీళ్ల చెంబుగూడ ఎత్తనిచ్చెడివారు కారు. "మా వదిన లేకపోతే నాకు చొక్కా కూడా దొరకదు" అని వచ్చినవారితో వాడు చెప్పుచుండగా నేను మురిసిపోయెడిదానను. ఆ మురిపెము వాని మేలునకా, నా గొప్పకా అని యడిగినవారు నాడు లేరు. అడిగినను నాకు కోపము వచ్చియుండును.

2022 జులైలో వానికి హైదరాబాదున ఉద్యోగము వచ్చినది. కూకటిపల్లిలో నొక హాస్టలున చేర్చితిమి. బయలుదేఱునాడు ఇంటిల్లిపాదియు వీధి గుమ్మమున నిలిచి యుపదేశములు చేసితిమి. పెద్దల మాట వినుము, చెడు సహవాసము వలదు, వేళకు తినుము, ఎవరితోను గొడవ పడకుము, ఆదివారము తలంటుకొనుము. వాడన్నిటికిని తల యూపెను.

శాకుంతలమును మా తండ్రిగారు నాకు పదునాలుగేండ్ల ప్రాయమున చెప్పిరి. నాలుగవ యంకమున కణ్వుడు కూతును అత్తవారింటికి పంపు ఘట్టము నాటినుండియు నాకు కంఠగతమే. పెద్దలను సేవింపుమనియు, సవతులతో స్నేహముగా నుండుమనియు, భర్త కోపించినను ఎదురాడవలదనియు, పరిజనులయెడ దయ గలిగి యుండుమనియు ఆ తండ్రి చెప్పెను. ఎంతో చక్కని మాటలు. కాని ఆ పిల్లకు రానున్న ఆపద వీనిలో దేనివలనను తీరునది కాదు. ఆపద దుర్వాసుని శాపము. దానికి విరుగుడు రాజు తొడిగిన యుంగరము. శాపము సంగతి చెలికత్తె లిద్దఱికిని తెలియును. సుకుమారి, తాళలేదని యామెకు చెప్పకుండ దాచిరి. రాజు గుర్తింపకున్నచో ఉంగరము చూపుమని మాత్రము వీడ్కోలు వేళ అనిరి. ఎందుకో చెప్పలేదు. ఆమెయు నేల యని గట్టిగా నడుగలేదు. దారిలో శచీతీర్థమున నీటికి నమస్కరించుచుండగా ఉంగరము వ్రేలినుండి జాఱినది. కొలువులో చూపబోగా వ్రేలు బోసి. అప్పుడేమి చేయవలయునో ఎవ్వరును ఆమెకు చెప్పియుండలేదు.

ఈ ఘట్టమును ఎన్నిమారులు చదివితినో! ఉంగరము పోయిన దుఃఖమునకు కన్నీరు పెట్టితినేగాని, శాపమును దాచిన ఆ చెలుల ప్రేమ నేను చూపు ప్రేమవంటిదే యని తోచలేదు. మా మఱదివలన తోచినది.

నేటి పిల్లల యుంగరము వారి చేతి ఫోను. సొమ్ము అందులోనే, బంధువుల నంబర్లు అందులోనే, టిక్కెట్లు, గుర్తింపు పత్రములు, ఇంటికి దారి చూపు పటము, అన్నియు నందులోనే. ఆగస్టు నెలలో ఒక సాయంకాలము, కిక్కిఱిసిన బస్సులో మా వాని జేబులోని ఫోనును ఎవరో తీసిరి. వానియొద్ద చిల్లర ముప్పది రూపాయలు. మా నంబర్లలో నొక్కటియు వానికి నోటికి రాదు. వాని యన్నగారి నంబరు సైతము రాదు. రూపాయలు పంపుటకు నొక్కు రహస్యపు అంకెను మఱచిపోదునేమోయని ఆ ఫోనులోనే వ్రాసి పెట్టుకొనెను. ఫోనునకు తాళపు అంకె పెట్టుట తొందర యని అదియు తీసివేసెను. నడచి హాస్టలు చేరి, ఎవ్వరికిని చెప్పక, పండుకొనెను.

ఖాతాలోని 16,800 రూపాయలును మఱునాటి మధ్యాహ్నము తీసివేయబడినవి. ఇది మిగుల గమనింపదగిన విషయము. ఫోను పోయినది ముందటి సాయంకాలము ఆఱు గంటలకు. అనగా వానికి పదునెనిమిది గంటల గడువున్నది. ఆ రాత్రి ప్రక్క గదివాని ఫోను అడిగి బ్యాంకువారికి ఒక్క మాట చెప్పియున్నచో ఒక్క రూపాయి పోయెడిది కాదు. బ్యాంకునకు పోయినది మూడవనాడు. అనధికారముగా సొమ్ము పోయిన సందర్భములను గూర్చి రిజర్వు బ్యాంకువారు 2017 జులైలో నొక యుత్తరువు నిచ్చిరి. రహస్యపు అంకె బయటపెట్టుటవంటి ఖాతాదారుని అజాగ్రత్తవలన పోయినచో, తెలియజేయు క్షణమువఱకు పోయినది ఖాతాదారునిదే. తెలియజేసిన పిమ్మట పోయినది బ్యాంకుది. కావున గడియారము చూచుకొనవలసినది ఇక్కడ.

మాకు మాత్రము రెండు దినములు ఫోను అందలేదు. మూడవనాడు మిత్రుని ఫోనునుండి పలికి, "నా ఫోను పాడైంది వదినా, బాగుచేయడానికి ఇచ్చాను" అని చెప్పెను. నమ్మితిమి. దసరాకు వచ్చినప్పుడు చూడగా బెల్టునకు క్రొత్త రంధ్రము పొడుచుకొని యున్నాడు. హాస్టలులో ఉదయము, రాత్రి భోజనము. మధ్యాహ్నము ఎవరి ఖర్చు వారిది. నలువది దినములు మధ్యాహ్నము తినలేదట.

ఆ రాత్రి అరుగుమీద కూర్చుండి, "ఎందుకు చెప్పలేదయ్యా? మేము చచ్చిపోయామా?" అని నేను కేకలు వేసితిని. వాడు చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "అమ్మ తుంటి ఆపరేషనుకు మీ గాజులు కుదువపెట్టిన సంగతి మీరు నాకు చెప్పారా వదినా? నేను బాధపడతానని చెప్పలేదు. మీరు బాధపడతారని నేనూ చెప్పలేదు" అనెను.

2021లో మా అత్తగారు జాఱి పడి తుంటి యెముక విఱిగినప్పుడు రెండున్నర లక్షల రూపాయలు కావలసి వచ్చినవి. వాడు చివరి సంవత్సరము చదువుచున్నాడని వానికి తెలియనీయలేదు. ఎవరో బంధువు పెండ్లిలో వాని చెవిని వేసిరట. మా యింట కష్టము వచ్చినప్పుడు దాచుట మర్యాద యని వాడు మావలననే నేర్చుకొనెను. నాకు బదులు తోచలేదు. లోపలికి పోయి గిన్నెలు కడిగితిని.

ఇప్పుడు మా పెద్దమ్మాయి వంతు. ఇంటరు ముగించినది; పదునేడేండ్లు నిండినవి; ఈ సంవత్సరము విశాఖపట్టణమున చదువు. ఈసారి మూటలకు ముందు ఒక సంవత్సరము ఇంటిలోనే తడబడనిత్తమని మావారును నేనును నిశ్చయించుకొంటిమి.

మొదట ఇంటి లెక్కల పుస్తకము దానికి చూపితిమి. జీతమెంత, కుదువ సొమ్ముపై వడ్డీ యెంత, ఇంక నెన్ని వాయిదాలు మిగిలినవి, అన్నియు. నా చేతులు వణకిన మాట నిజము. అది పుస్తకము త్రిప్పి త్రిప్పి చూచి, "అమ్మా, ఈ పాలకార్డు మీద రోజుకు అరలీటరు ఎక్కువ వస్తున్నట్టుందే" అనెను. నిజమే. ఆఱు నెలలుగా నేను గమనింపలేదు.

పిదప కార్తిక మాసమున నెలసరి వెచ్చము దాని చేతికిచ్చితిమి. పాలు, కూరలు, పచారీ, గ్యాసు బండ, అన్నిటికిని కలిపి 11,000 రూపాయలు. ఎక్కువ అడుగరాదు, మిగిలినచో దానిదే. మొదటి వారము పనీరనియు పుట్టగొడుగులనియు విందులు. ఇరువదిరెండవ తేదీకి చేతిలో 340 రూపాయలు. మిగిలిన యెనిమిది దినములు మేము చాఱు, పచ్చడి, పెరటిలోని గోంగూర, మునగాకుతో గడిపితిమి. మా అత్తగారు, "పసిదానిని ఏడిపిస్తారటే!" అని నా మీద కోపించి, తన పింఛను డబ్బు చాటుగా దానికి ఇయ్యబోగా అది పుచ్చుకొనలేదు. రెండవ నెల ఇరువదితొమ్మిదవ తేదీవఱకు వచ్చినది. మూడవ నెల 600 రూపాయలు మిగిల్చినది. మొదటి నెలలో నేను మూడుమారులు పోపులపెట్టె క్రింద నోటు పెట్టి యెఱుగనట్లు నటింపవలయునని తలచితిని. మావారు నా ముఖము చూచి కనిపెట్టి, వలదని సైగ చేసిరి.

బ్యాంకు ఖాతా విషయములో చాలమంది సోదరీమణులు పిల్లలకు పదునెనిమిదేండ్లు నిండవలయునని కాచియుందురు. అది యక్కఱలేదు. పదేండ్లు నిండిన పిల్లలు తమ పేర పొదుపు ఖాతా తెఱచి, బ్యాంకు విధించు పరిమితిలో తామే నడుపుకొనుటకు 2014లోనే రిజర్వు బ్యాంకు అనుమతించినది. పదునెనిమిది నిండగనే క్రొత్త సంతకము, గుర్తింపు పత్రములు మరల ఇయ్యవలయును. ఇది మఱచినచో పొరుగూరిలో నున్న పిల్లకు ఖాతా స్తంభించి కంగారగును. ఓటరుగా పేరు చేర్పించుకొనుటయు ఆ యేటనే.

వంటను గూర్చి నేను పెద్దగా వ్రాయను. మీరందఱును నాకంటె నెక్కువ యెఱుగుదురు. ఐదు వంటలు చాలునని నా యభిప్రాయము. అన్నము, పప్పు, చాఱు, ఒక వేపుడు, ఒక ఉప్మా. వీనిని ఎవరి సాయమును లేక, ఎవరిని అడుగక, మాడినను తానే తినునట్లు చేయింపవలయును. మాడిన గిన్నె తోముటయు వంటలో భాగమే. గ్యాసు వాసన వచ్చినచో స్విచ్చి ముట్టక, రెగ్యులేటరు కట్టి, తలుపులు తెఱచి, 1906 నంబరునకు పిలువవలయునని వంటకంటె ముందు నేర్పవలయును.

మగపిల్లలకు వంట యేల యని యడుగువారు ఇంకను గలరు. మా అత్తగారును వారిలోనివారే. ఉత్తమమైన వంటకు మనవారు పెట్టుకొన్న పేరు నలభీమపాకము. ఆ యిద్దఱిలో నొక్కరును ఆడువారు కారు. విరాటుని కొలువున పాండవులు ఏ పేరును చెప్పుకొనుటకు వీలులేని యేడాదిలో భీముడు గరిటె పట్టెను, నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను చూచుకొనిరి, అర్జునుడు ఆట నేర్పెను. రాజపుత్రులమని కూర్చున్నచో ఆ యేడు గడిచెడిది కాదు. ఇట్లు చెప్పగా మా అత్తగారు, "భీముడికి ద్రౌపది ఉంది కదా ప్రక్కన" అనిరి. ఆమెయు సైరంధ్రిగా కొలువు చేయుచున్నదని నేను జ్ఞాపకము చేయగా, పురాణము వినుటకు వారికి తీఱిక లేకపోయెను.

జబ్బు సంగతి యొకటి చెప్పవలయును. ఇంట పిల్లకు జ్వరమైనను వాంతులైనను మనమే మంచము ప్రక్క నుందుము. పొరుగూరిలో గదిలో నొంటరిగా నున్నప్పుడు తమకేమి యగుచున్నదో వారికే తెలియదు. విరేచనములు పట్టినచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, టీచెమ్చాతో సమముగా కొలిచి ఆఱు చెమ్చాల చక్కెర, అర చెమ్చా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా త్రాగుచుండవలయును. కొలత తప్పరాదు, ఉప్పు హెచ్చినచో కీడు. మూత్రము తగ్గినను, మగతగా నున్నను, రక్తము పడినను నీటితో సరిపెట్టక వైద్యుని కడకు పోవలయును. దీనిని మా అమ్మాయిచేత నాలుగుమారులు కలిపించితిని. శీతల పానీయములతో కడుపు నింపుకొనుట దీనికి బదులు గాదు. తన రక్తపు వర్గమేదో, ఏ మందు పడదో ఒక కాగితముపై వ్రాసి సంచిలో నుంచుకొనవలయును. 108, 112 అందఱు నెఱిగిన నంబర్లే కాని, పిలిచినప్పుడు తానెక్కడ నున్నదో వీధి పేరుతో చెప్పుట చాలమందికి చేతగాదు.

మాయమ్మాయి చేత మూడు ఫోను నంబర్లు కంఠస్థము చేయించితిమి. అమరమువలె ఉదయమున వల్లించుట. మొదట నవ్వినది, పిదప వచ్చినది. ఫోనుయొక్క పదునైదంకెల గుర్తు సంఖ్యను (స్టార్, హ్యాష్, సున్న, ఆఱు, హ్యాష్ నొక్కినచో కనబడును) లెక్కల పుస్తకము అట్టలోపల వ్రాసితిమి. ఫోను పోయినచో పోలీసు ఫిర్యాదు ప్రతితో సంచార్ సాథీ యను ప్రభుత్వపు జాలస్థలమున ఆ సంఖ్య నిచ్చి, ఫోను ఎవరికిని పనికిరాకుండ చేయింపవచ్చును. దేశమంతటికి ఇది 2023లో వచ్చినది. సొమ్ము పోయినచో 1930 నంబరునకు వెంటనే. తెల్లవాఱిన పిదప కాదు, ఇంటివారికి చెప్పవచ్చునా లేదా యని ఆలోచించిన పిదప కాదు. ముందు సిమ్ము, బ్యాంకు, 1930, పిదప ఏడుపు. ఈ వరుసను మా మఱదియే దానికి నేర్పెను.

మఱియొక యొడంబడిక గలదు. దానిని కుదుర్చుకొనుటకు నాకు మిగుల కష్టమయ్యెను. ఏ తప్పు చేసినను, ఎంత సొమ్ము పోగొట్టుకొనినను, ఎవరి మాట నమ్మి మోసపోయినను, ఆ రాత్రియే మాకు చెప్పవలయును. చెప్పిన దినమునుండి మూడు దినములవఱకు ఇంటిలో నెవ్వరును మందలింపరాదు. నాలుగవనాడు కావలసినంత తిట్టవచ్చును. ఫిబ్రవరిలో అది నా చెవిజూకాలలో నొకటి పోగొట్టి ఆ రాత్రియే వచ్చి చెప్పెను. మూడు దినములు నేను నోరు కుట్టుకొని తిరిగితిని. నాలుగవనాటికి తిట్టుటకు ఓపిక మిగులలేదు.

ఇక జనవరిలో జరిగినది. దానిని ఒక శనివారము ఫోను లేకుండ తెనాలినుండి విజయవాడకు ఒంటరిగా పంపితిమి. చేతిలో 300 రూపాయలు, ఆధారు కార్డు. మూడు పనులు: తపాలా కార్యాలయమున ఒక కవరు స్పీడుపోస్టు చేసి రసీదు తెచ్చుట, ఏలూరు రోడ్డున ఒక పుస్తకము కొనుట, సాయంకాలము ఐదు గంటలకు ఇల్లు చేరుట. రైలుకు పోయి రైలుకు రావలయునని మాట.

ఐదయ్యెను. ఐదున్నర యయ్యెను. నేను వీధి గుమ్మమున నిలుచుంటిని. మావారు వసారాలో పరీక్ష పత్రములు దిద్దుచున్నట్లు కూర్చుండిరి. అరగంటనుండి అదే పత్రము. అత్తగారు దేవుని యెదుట దీపము రెండవమారు ఎగదోసిరి. ఆఱు దాటినది. "ఇది మీ ప్రయోగమా, పిల్ల ప్రాణమా?" అని అత్తగారు అడిగిరి. నాకడ సమాధానము లేదు. పోలీసులకు చెప్పుదమా యని నేనంటిని. ఏడువఱకు చూతమని మావారనిరి. ఆ గంటలో నేను కణ్వుని తిట్టితిని, కాళిదాసును తిట్టితిని, ఈ పత్రికలో వ్రాయుట మొదలుపెట్టిన నన్ను తిట్టుకొంటిని. మా మఱది హైదరాబాదున ఉంగరము పోగొట్టుకొనినప్పుడు నేనిక్కడ హాయిగా నిద్రించితిని గదా. తెలిసి నిద్రపోవుట ఎట్లో ఎవరును నాకు నేర్పలేదు.

ఏడుంబావునకు అది సందు మలుపున కనబడెను. చేతిలో పుస్తకము, రసీదు. రైలు రెండు గంటల యాలస్యమని చెప్పిరట. విచారణ గదిలోని ఉద్యోగినిని అడిగి, బస్‌స్టాండునకు నడచి, మొదటి బస్సు క్రిక్కిఱిసి యుండగా విడిచి, రెండవ దానిలో కూర్చుండి వచ్చినది. 2025 ఆగస్టు 15నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు గనుక ఆధారు కార్డు చూపుటతో సరిపోయెను. 300లో 110 మిగిలినవి.

"ఒక్క మాట ఎవరి ఫోనునుండైనా చెప్పకూడదుటే?" అని నేను మూడు దినముల యొడంబడిక మఱచి యఱచితిని. అది చెప్పులు విడుచుచు, "స్టేషనులో ఒకావిడను అడిగి నాన్న నంబరుకు రెండుసార్లు చేశాను. మీరు ఎత్తలేదు" అనెను.

మావారు ఫోను తీసి చూచిరి. ఎఱుగని నంబరునుండి రెండు పిలుపులు, నాలుగున్నరకు. ఎఱుగని నంబరు ఎత్తినచో మోసగాండ్లని ఎత్తుట మానినది మేమే. పిల్లకు ఏడాదిగా నన్నియు నేర్పితిమి; దాని పిలుపు ఎఱుగని నంబరునుండి వచ్చునని మాకు తట్టలేదు. ఇప్పుడు మా యింట అది బయట నున్నంతసేపు ఏ నంబరైనను ఎత్తుదుము. మాటాడినది మన బిడ్డ గొంతువలె నున్నను సొమ్ము పంపుమన్నచో మాత్రము ముందు ఒక గుర్తుమాట అడుగుదుము. అదేమో మా నలుగురికే తెలియును. గొంతును యంత్రముతో అనుకరించి మోసము చేయు దినములివి.

నరసరావుపేట సోదరికి ఇప్పుడు పట్టిక. ఒక్కనికి మూడు లీటర్ల కుక్కరు చాలును. ఆవకాయ ఒక్క పెద్ద జాడీగా పంపకుడు. గదిలో తడి గరిటె ఒక్కమారు పడిన నంతయు బూజు పట్టును. పావుకిలో సీసాలు నాలుగు చేసి, రెండు పంపి, రెండు మీయొద్ద నుంచుడు. కందిపొడి నెలకు పావుకిలో మించి వలదు, వాసన పోవును. సూది, దారము, గుండీలు. ఒక కాగితపు పుస్తకములో నాలుగు ఫోను నంబర్లు. మీ యబ్బాయికి జూను మొదటి వారము వఱకు వ్యవధి యున్నది గదా. నేటి రాత్రి భోజనమైన పిదప వాని కంచము మీరు తీయకుడు. అది తెల్లవాఱువఱకు అక్కడే యున్నను తీయకుడు. తెల్లవాఱి ఏమయ్యెనో నాకు మరల వ్రాయుడు.